నంది కొండ కింది పచ్చిక



మోకాళ్ళ అరుగుదల గురించి రాసిన వ్యాసం చదివి చాలామంది ఒకే ప్రశ్న వేశారు. "నడవమంటున్నారు, బాగుంది. సిమెంటు రోడ్డు మీద రోజూ నడిస్తే ఉన్న మోకాళ్ళు కూడా అరిగిపోవా డాక్టరు గారూ?" అని. రెండు వాక్యాలలో జవాబు చెప్పి ముగించదగిన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న చదివిన ప్రతిసారీ నా కళ్ళ ముందు మా అన్న, ఆయన కాళ్ళ దగ్గర పచ్చికలో పడి ఉన్న ఒక తెల్లని గోల్ఫ్ బంతి మెదులుతున్నాయి. అందువల్ల ఈసారి జవాబు కొంచెం చుట్టు తిరిగి వస్తుంది. ఓపిక పట్టవలసిందిగా మనవి.

మాది కడప జిల్లా వీరపునాయునిపల్లె. మా ఇంట్లో నాకు చదువు అబ్బింది, అన్నకు భూమి అబ్బింది. నేను ప్రొద్దుటూరులో మూడు దశాబ్దాలకు పైగా వైద్యం చేసి విరమించుకున్నాను. ఆయన మాత్రం డెబ్బై ఎనిమిదో ఏట కూడా విరమణ అనే మాటను ఒప్పుకోడు. మొదట వేరుశనగ, తరువాత నల్లరేగడిలో శనగ, ఇప్పుడు చీనీ తోట. కొన్నేళ్ళుగా ఆయనకు మోకాళ్ళ నొప్పి, నడుము పట్టివేత. మెడ తిప్పవలసి వస్తే మనిషే మొత్తంగా తిరుగుతాడు. "వయసు, సేద్యం" అని రెండు మాటలతో నేను ఆ బాధను తేల్చివేస్తూ వచ్చాను. పండుగకు ఊరికి వెళ్ళినప్పుడు నొప్పి మాత్రలు ఇచ్చి వచ్చేవాణ్ణి. పరాయి రోగి అయితే పడుకోబెట్టి, వంచి, లేపి చూసేవాణ్ణి కదా! సొంత అన్నను అలా ఒక్కసారి కూడా చూడలేదు.

గత శీతకాలంలో ఆయనను ఎముకల నిపుణుడికి చూపించడానికి బెంగళూరులోని మా అమ్మాయి ఇంటికి తీసుకువెళ్ళాను. సోమవారం ఉదయానికి వేళ ఇచ్చారు. ఆదివారం ఇంట్లో కూర్చోబెట్టడం ఎందుకని మా అల్లుడు తన మిత్రుడి అతిథులుగా మమ్మల్ని నంది కొండల దిగువన ఉన్న ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ అనే మైదానానికి తీసుకువెళ్ళాడు. దేవనహళ్ళి తాలూకాలో సుమారు 275 ఎకరాలలో విస్తరించిన ప్రాంగణమది. పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానం, దాని చుట్టూ విల్లాలు, ఒక పెద్ద హోటలు. 2019 జూలైలో కర్ణాటకలో ప్రభుత్వం ఊగిసలాడుతున్నప్పుడు ఒక పార్టీ శాసనసభ్యులను బస ఉంచింది ఇక్కడే. మా అన్నకు ఆ ప్రాంగణం గురించి ముందుగా తెలిసిన విషయం అదొక్కటే. లోపలికి అడుగు పెట్టగానే "ఎమ్మెల్యేలను దాచిపెట్టింది ఈడేనా?" అని అడిగాడు.

మైదానానికి ఒక వైపున నంది కొండ లేస్తుంది. ఎత్తు 1,478 మీటర్లు. ఉదయం ఏడు గంటలకు కొండ నడుము దాకా మంచు పట్టి, శిఖరం మాత్రమే తేలుతూ కనిపించింది. వైద్యుడిగా నాకు ఆ కొండ పేరు వినగానే గుర్తు వచ్చేది 1927 నాటి వేసవి. అధిక రక్తపోటుతో సొమ్మసిల్లిన గాంధీజీని వైద్యులు పర్యటనలు మాన్పించి విశ్రాంతికి పంపింది ఈ కొండ మీదికే. ఆ రోజుల్లో రక్తపోటుకు నేటి మందులు లేవు. చల్లని గాలి, మితాహారం, విశ్రాంతి, కోలుకున్న తరువాత నడక, ఇంతే చికిత్స. కొండకు మరో పక్కన ముద్దేనహళ్ళి ఉంది. నూరేళ్ళు నిండు జీవితం గడిపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టింది ఆ ఊళ్ళోనే. వారి పూర్వుల ఊరు మోక్షగుండం మన తెలుగునాటిదే.

గోల్ఫ్ తెలియని పాఠకులకు రెండు మాటలు. ఒక చిన్న గట్టి బంతిని రకరకాల కర్రలతో కొడుతూ, దూరంగా జెండా పాతిన గుంతలో వీలైనన్ని తక్కువ దెబ్బలలో పడవేయాలి. అటువంటి గుంతలు పద్దెనిమిది. నేరుగా కొలిస్తేనే ఆరేడు కిలోమీటర్లు. బంతి ఎటు పోతే అటు పోవలసిందే కనుక, ఆట ముగిసేసరికి ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు నడిచినట్లు అవుతుంది. దాదాపు నాలుగు గంటలు పడుతుంది. స్కాట్లండులో 1457లోనే దీనిని నిషేధిస్తూ శాసనం చేశారు. యువకులు విలువిద్య సాధన మాని దీని వెంట పడుతున్నారట! మన దేశంలోకి 1829లో కలకత్తాకు, 1876లో బెంగళూరుకు దొరలతో పాటు వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా కలిగినవారి ఆటగానే మిగిలింది.

ఆటగాళ్ళు నలుగురు మొదటి దెబ్బ కొట్టి కదిలారు. నన్ను, అన్నను బ్యాటరీ బండిలో కూర్చోబెట్టారు. అన్న కూర్చోలేదు. చెప్పులు విడిచి పచ్చిక మీద నిలబడి, అరికాలితో నేలను రెండుసార్లు అదిమి చూశాడు. కొత్తగా దున్నిన చేనులో పదును చూసే తీరు అది. ఆ తరువాత చుట్టూ చూసి అడిగాడు.

"ఈ పచ్చికంతా ఎవురు మేస్తారప్పా?"

కర్రల సంచి మోసే కుర్రవాడు, కేడీ అంటారు, ఫక్కున నవ్వాడు. "ఎవురూ మేయరు తాతా. మిషన్ మేస్తాది."

తెలుగు! అన్న ముఖం విప్పారింది. ఆ అబ్బాయిది బాగేపల్లి వైపు. చిక్కబళ్ళాపుర జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి, గుడిబండ, చింతామణి ప్రాంతాలలో ఇంటింటా వినిపించేది తెలుగే. ఇక మా అన్న బండి సంగతి మరచిపోయి ఆ పిల్లవాడితో కలిసి నడక సాగించాడు. వర్షం ఎట్లుంది, టమాటా ధర ఎంత, బోరు ఎన్ని అడుగులకు పడుతోంది, ఇవే మాటలు. పైన ఎక్కడో తీతువు అరిచింది. మా వైపు ఆ అరుపు వింటే ఎవరికో మూడిందని భయపడతారు. అన్న తల ఎత్తలేక కళ్ళు మాత్రం పైకెత్తి, "ఈడ కూడా ఉండావా తల్లీ" అన్నాడు.

నేను బండిలో వెనుక వస్తూ నా వృత్తిబుద్ధి చొప్పున లెక్క వేసుకుంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం. బండి ఎక్కకుండా ఒక్క ఆట ఆడితే అందులో చాలా భాగం ఒక్క పూటలో పూర్తవుతుంది. స్వీడన్‌లో మూడు లక్షల మందికి పైగా గోల్ఫ్ ఆటగాళ్ళ వివరాలు తీసి 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. అదే వయసు, అదే లింగం, అదే ఆర్థిక స్థాయి గల ఇతరులతో పోల్చితే ఆటగాళ్ళలో మరణాల రేటు 40 శాతం తక్కువగా కనిపించింది. ఆయుర్దాయంలో చెబితే సుమారు ఐదేళ్ళు. డబ్బున్నవారు ఎలాగూ ఎక్కువ కాలం బతుకుతారు కదా అని మీరు అనవచ్చు, నేనూ అన్నాను. కానీ ఆ తేడా అన్ని ఆర్థిక వర్గాలలోనూ కనిపించింది. ఆట వల్లనే ఆయుష్షు పెరిగిందా, ఆరోగ్యం ఉన్నవారే ఆటకు వచ్చారా అన్నది అటువంటి అధ్యయనం తేల్చలేదు. అయినా నాలుగు గంటలు చెట్ల మధ్య, మెత్తని నేల మీద, నలుగురితో మాట్లాడుతూ, వ్యాయామం చేస్తున్నామన్న ధ్యాసే లేకుండా నడవడంలో మేలు ఉందని నమ్మడానికి నాకు అధ్యయనం అక్కరలేదు. (బండి ఎక్కినవారికి ఆ మేలులో సగం పోతుంది. ఆ ఉదయం వైద్యుడు బండిలో, రోగి నేల మీద ఉన్నారు.)

మూడో గుంత దగ్గర ఇద్దరు నడివయసు స్త్రీలు మాకు ఎదురుగా వచ్చారు. టోపీలు పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ, నిబ్బరంగా నడుస్తున్నారు. వెనుదిరిగి చూసుకోవలసిన పని లేదు. వారిని చూసినప్పుడు నాకు ఒక తల్లి గుర్తుకు వచ్చింది. ఆ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఆమె ప్రొద్దుటూరు దగ్గరి పల్లెలో జాకెట్లు కుట్టి ఇద్దరు బిడ్డలను చదివించింది. రోజంతా మిషన్ ముందు కూర్చోవడం. మధుమేహం అదుపులో లేదు. వచ్చిన ప్రతిసారీ నేను నడవమనేదాన్ని చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీసేవాణ్ణి. నాలుగోసారో ఐదోసారో ఆమె బరువు, చక్కెర రెండూ పెరిగి ఉండడం చూసి గదమాయించాను. "మందులు నేనివ్వగలను, నీ బదులు నడవలేను కదమ్మా" అన్నాను. వెనుక కూర్చున్న రోగులు నవ్వారు. ఆమె తల వంచుకుని చెప్పింది.

"యాడ నడిచేది సార్? తెల్లారకముందు కుక్కలు. తెల్లారినంక లారీలు. పొద్దు గూకినంక మొగోళ్ళు."

నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవలసింది. అలా చేయకుండా "ఇంట్లోనే తిరుగు" అన్నాను. ఆమె నిజంగానే ఇంట్లో తిరిగింది. పన్నెండడుగుల వసారాలో, గచ్చు మీద, చెప్పులు లేకుండా గుండ్రంగా రోజూ అరగంట. గచ్చు పెచ్చు లేచిన చోట అరికాలికి గీరుకుని పుండు పడింది. నరాలు మొద్దుబారిన పాదం కనుక నొప్పి తెలియలేదు. ఆలస్యంగా వచ్చింది. కుడికాలి రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. మధుమేహులు ఇంట్లో సైతం చెప్పులు లేకుండా నడవరాదని, రోజూ రాత్రి అరికాలిని అద్దంలో చూసుకోవాలని నేను ఆమెకు చెప్పలేదు. రెండు గీతలు గీసిన చీటీలో ఆ మాట లేదు. ఇప్పుడు ఎవరికి నడక గురించి చెప్పినా ముందు అడిగేది, "మీ ఊళ్ళో నడవడానికి చోటు ఎక్కడుంది?" అనే.

ఇక ఆ బంతి సంగతికి వస్తాను. ఐదో గుంత దగ్గర ఎవరి బంతో దారి తప్పి అన్న కాళ్ళ దగ్గర ఆగింది. ఆట నియమాలు ఆయనకు తెలియవు. పిల్లవాడికి అందిద్దామని వంగాడు. వంగుతున్నాడు, కానీ చేయి బంతిని చేరడం లేదు. వీపు ఒక్క పలకలా నిలబడి ఉంది, మెడ వంగడం లేదు. నేలకు జానెడు ఎత్తున వేళ్ళు ఆగిపోయాయి. ఒక్క క్షణం అలాగే ఉండి, మోకాళ్ళు వంచి, పక్కకు ఒరిగి, చేతిని నేల మీద ఆనించి తీశాడు. మోకాళ్ళ నొప్పి మనిషి మోకాళ్ళు వంచకుండా తప్పించుకుంటాడు. ఈయన నడుమును తప్పించడానికి నొప్పి ఉన్న మోకాళ్ళనే వంచాడు! బండిలో కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించింది.

ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి పల్లెల్లో చేసే పరీక్షలు మూడు ఉన్నాయి. పరికరాలు అక్కరలేదు, మీరూ ఇంట్లో పెద్దవారిచేత చేయించవచ్చు. మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డాన్ని ఛాతీకి తాకించగలరా? చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనుక భాగాన్ని తాకగలరా? చేయలేకపోతే ఫ్లోరోసిసే అని కాదు. వెన్ను అరుగుదలలో, ఇతర వాతపు జబ్బులలో కూడా ఇవి కష్టమే. కానీ ఫ్లోరైడు నీటి ప్రాంతంలో దీర్ఘకాలం ఉన్న మనిషి వీటిలో తప్పితే వైద్యుడు అక్కడితో ఆగకూడదు. మా అన్న నాణెం పరీక్షలో తప్పడాన్ని నేను గోల్ఫ్ మైదానంలో చూశాను. మిగిలిన రెండూ అక్కడే చెట్టు నీడలో చేయించాను. రెండింటిలోనూ తప్పాడు. "ఏంరా, గోల్ఫ్ నేర్పిస్తాండావా?" అని నవ్వాడు.

మర్నాడు నిపుణుడికి ఈ మాట చెప్పి ముంజేతికి, కటి ఎముకలకు కూడా ఎక్స్‌రే తీయించాము. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొరకు సున్నం పట్టి ఉంది. అది ఫ్లోరోసిస్ ముద్ర. ఊరికి వచ్చాక ఆయన ముప్పై ఏళ్ళుగా తాగిన తోట బోరు నీటిని పరీక్షకు పంపితే లీటరుకు మూడు మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడు తేలింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఒక మిల్లీగ్రాము. వేరే నీరు లేనిచోట ఒకటిన్నర వరకు అనుమతిస్తారు.

ఈ వ్యాధిని మన దేశంలో తొలిసారి 1937లో వైద్య పత్రికలకెక్కించింది మన తెలుగునాటనే. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల రైతులను చూసి రాశారు. నేను కళాశాలలో చదివిన పాఠం అది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది పక్క జిల్లా జబ్బు అనుకున్నానే తప్ప మా ఇంటి వెన్నులో ఉందనుకోలేదు.

ఆ ఆదివారానికి మళ్ళీ వస్తాను. పరీక్షలు ముగిశాక ముగ్గురం చెట్టు కింద కూర్చున్నాము. మంచు విడిపోయి కొండ పూర్తిగా కనిపిస్తోంది. మన పెన్న పుట్టింది ఈ కొండల్లోనే అని చెప్పాను. అన్న నమ్మలేదు. పిల్లవాడిని అడిగాడు. అతడు కూడా, "అవును తాతా, ఉత్తర పినాకిని అంటారు" అన్నాడు. పెన్న ఒక్కటే కాదు, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఈ చిక్కబళ్ళాపుర సీమ నుంచే బయలుదేరి మన వైపు వస్తాయి. పెన్న గండికోట లోయ దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా సాగుతుంది. పాపాఘ్ని గండి దగ్గర కొండను చీల్చుకుని, వేంపల్లె దాటి, మా మండలాన్ని ఒరుసుకుంటూ పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. అన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మనం చిన్నప్పుడు తాగింది ఈ నీళ్ళేనా?" అన్నాడు.

మా చిన్నతనంలో ఎండాకాలం వస్తే ఏటి ఇసుకలో చెలమలు తీసేవాళ్ళం. చేతులతో రెండడుగులు తోడితే నీరు ఊరేది. మొదటి నీళ్ళు పారబోసి, తేరుకున్నాక కొబ్బరిచిప్పతో కడవలోకి ముంచేది మా అమ్మ. వర్షపు నీరు ఇసుకలో వడకట్టుకుని నిలిచేది కనుక అందులో ఫ్లోరైడు తక్కువ. తరువాత ఏరు పారే రోజులు తగ్గాయి, ఇసుక తరలిపోయింది, బావులు అడుగంటాయి. బోర్లు వంద అడుగుల నుంచి మూడు వందలకు, ఆరు వందలకు దిగాయి. లోతైన రాతి పొరల సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలో రాతిలోని ఫ్లోరైడు కరుగుతుంది. ఏరు ఎండడానికీ, మా అన్న నడుము బిగుసుకుపోవడానికీ మధ్య దారి ఇది. ఎప్పుడైనా ఒక ఏడు వచ్చిందంటే ఆ ఏరే వంతెనలను కూలదోస్తుంది. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కుంగిపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

"మా ఊళ్ళో కూడా అంతే సార్. మా అవ్వకు పండ్లు చూడల్ల, ఇటుక రంగు" అన్నాడు ఆ పిల్లవాడు. ఏరు పుట్టిన చోట, ఏరు పారే చోట, రెండు చోట్లా ఒకే మరక! చిక్కబళ్ళాపుర జిల్లా బోర్ల లోతుకు, ఫ్లోరైడుకు కర్ణాటకలో పేరుపడింది.

అప్పుడు అన్న రైతుగా అడగవలసిన ప్రశ్న అడిగాడు. "ఈ పచ్చికకు ఎన్ని నీళ్ళు పెడతారు?" ఆ మైదానం లెక్క నాకు తెలియదు. ఏ గోల్ఫ్ మైదానానికైనా వర్తించే కూడిక ఒకటి నా చేతిరుమాలు మీద వేసి చూపించాను. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు నిలిపితే 4,047 లీటర్లు. మన ఎండలకు పచ్చిక రోజుకు ఐదు మిల్లీమీటర్లు తాగుతుందనుకుందాం. వంద ఎకరాల పచ్చికకు రోజుకు ఇరవై లక్షల లీటర్లు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది జల జీవన్ మిషన్ ప్రమాణం. ఆ లెక్కన ముప్పై ఆరు వేల మందికి పైగా ఒక రోజు నీరు.

దీన్ని గోల్ఫ్ మీద కోపంతో రాయడం లేదు. శుద్ధి చేసిన మురుగునీటితో పచ్చిక పెంచడం సాధ్యమే, అలా చేస్తున్న మైదానాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు, చిక్కబళ్ళాపుర చెరువులకు పంపే పథకాలు ఇప్పటికే నడుస్తున్నాయి. పచ్చికకు మంచినీరు అక్కరలేదు, మనిషికి కావాలి. ఈ వరుస తప్పనంత వరకు నాకు అభ్యంతరం లేదు. ఆ మాట అన్నతో అంటే, "మా చీనీ చెట్లకు కూడా ఆ నీళ్ళు చాలు, పంపించమను" అన్నాడు.

మందుల మాట ఒకటి చెప్పాలి. మచ్చలేని పచ్చిక కోసం కలుపు మందులు, శిలీంధ్రనాశకాలు వాడతారు. అమెరికాలోని మిన్నెసోటా ప్రాంతంలో చేసి 2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గోల్ఫ్ మైదానానికి ఒక మైలు లోపల ఉండేవారిలో పార్కిన్సన్ వ్యాధి కనిపించే అవకాశం, ఆరు మైళ్ళ అవతల ఉండేవారితో పోలిస్తే రెట్టింపుకు పైగా తేలింది. ఇది సంబంధం మాత్రమే, కారణం రుజువు కాలేదు. పురుగుమందులను వారు నేరుగా కొలవలేదు. కాబట్టి భయపడనక్కరలేదు. కానీ పత్తికి, శనగకు ముఖానికి గుడ్డ కూడా కట్టుకోకుండా మందు కొట్టే మన రైతుల సంగతి తలచుకుంటే, మైలు దూరం గురించి ఆలోచించే దేశం, జానెడు దూరం గురించి ఆలోచించని దేశం రెండూ కళ్ళ ముందు నిలుస్తాయి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. సిమెంటు రోడ్డు మీద మామూలు నడక మోకాళ్ళను అరగదీయదు. తొడ కండరాలు బలపడి, బరువు తగ్గి, మోకాలి మీద భారం తగ్గుతుంది. మెత్తని నేల సుఖంగా ఉంటుంది. నొప్పి ఉన్నవారు పచ్చిక మీదనో, మట్టి బాట మీదనో మొదలుపెట్టవచ్చు. గుంతలు, గట్లు ఉన్న చోట జారిపడకుండా చూసుకోవాలి. మడమకు మెత్త ఉన్న బూట్లు వేసుకుంటే సిమెంటు బాధ చాలావరకు తీరుతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. నడిచిన మర్నాటికీ నొప్పి తగ్గకపోతే కొంత తగ్గించండి. నడకలో ఛాతీ బరువెక్కినా, ఆయాసం వచ్చినా ఆగి వైద్యుడిని కలవండి. మధుమేహులు పాదరక్షలు లేకుండా ఒక్క అడుగు వేయరాదు. వసారాలోనైనా సరే.

ఫ్లోరైడు నీటి ప్రాంతాల వారికి మరొక్క మాట. నీరు కాచి తాగితే ఫ్లోరైడు పోదు. ఆవిరైనంత మేరకు మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. ఆర్.ఓ. శుద్ధి, లేదా వర్షపు నీరు, లేదా పరీక్ష చేయించిన కుళాయి నీరు వాడాలి. వంటకు కూడా అదే నీరు. పాలు, రాగి, ఆకుకూరలు, ఉసిరి, చీనీ వంటివి తింటే సున్నం, సి విటమిన్ అంది కొంత కాపు కాస్తాయి. బిగిసిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు. నీరు మార్చి, కీళ్ళను కదిలిస్తూ ఉంటే ముందుకు పోకుండా ఆపవచ్చు. అన్నకు నేను ఇదే చెప్పాను. చెప్పడానికి ముందు, ఇంత ఆలస్యంగా చూసినందుకు క్షమించమన్నాను. "నీకు మాత్రం ఎవురు చెప్పినారులే" అని భుజం తట్టాడు.

గాలేరు-నగరి పథకంలోని సర్వరాయసాగర్ జలాశయం మా మండలంలోనే ఉంది. పెన్న పుట్టింట్లో నీరు తగ్గితే కృష్ణ నీరు గండికోట మీదుగా మా గడపకు వచ్చింది! అన్న ఇప్పుడు మనవడి మోటారు సైకిలెక్కి తెల్లవారుజామున ఆ కట్ట దగ్గరికి పోతాడు, కట్ట మీద నడిచి మళ్ళీ మోటారు సైకిలెక్కి ఇంటికొస్తాడు. నడవడానికి బండెక్కి పోవడమేమిటని మొదట ఊళ్ళో నవ్వారట. ఇప్పుడు ఆటోలో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా వస్తున్నారు. లారీలు లేవు, కుక్కలు తక్కువ, నలుగురు కలిసి ఉంటారు కనుక భయం లేదు. జాకెట్లు కుట్టే ఆ తల్లికి ఈ కబురు చెబుదామని ఫోను చేశాను. "మా ఊరికి కట్ట యాడుంది సార్" అంది. వాళ్ళ ఊరి ఉన్నత పాఠశాల మైదానాన్ని ఉదయం గంటసేపు తెరవమని ప్రధానోపాధ్యాయులను అడగాలని అనుకున్నాము. వచ్చే వారం ఆమెతో కలిసి వెళుతున్నాను.

ఆ గోల్ఫ్ బంతి అన్న దగ్గరే ఉంది. వచ్చేటప్పుడు పిల్లవాడు, "పాతదే తాతా, పెట్టుకో" అని ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. ప్రతి ఆదివారం నడక ముగిశాక దాన్ని కట్ట మీద పెట్టి, మోకాళ్ళు వంచకుండా వంగి చూసి, నాకు ఫోను చేస్తాడు. నిన్న కూడా చేశాడు.

"జానెడే ఉందిరా. పెరగలేదు."